కిరాయి ఇల్లు అడిగితే కులం అడుగుతరా?

కొల్లాపూర్‌లో కిరాయి ఇల్లు దొరకాలంటే గేటుకు వేలాడే బోర్డు చూస్తే సరిపోదు. నోటిమాట మీదనే దొరకాలె. చాయ్ హోటల్లో అడగాలె, కిరాణా కొట్టు సేటును అడగాలె, తోటి సారును వెంటబెట్టుకొని గల్లీ గల్లీ తిరగాలె. చివరికి ఒక గది, వంటిల్లు ఉన్న పోర్షన్ ఖాళీగా ఉన్నదని తెలిసి గడప ముందు నిలబడితే, కిరాయి ఎంతో చెప్పకముందే ఓనరు అడిగే మాట ఒక్కటే: ‘ఇంతకూ మీరెవరోళ్లు?’ ఆ మాట అడిగేది ఊరు కాదు, కులం. జవాబు నచ్చకపోతే ‘మా బిడ్డ వస్తున్నది, ఇల్లు మాకే కావాలె’ అంటరు. ఒంటరి మహిళ అయితే ఇంకో సాకు, ముస్లిం అయితే మరో సాకు, పెండ్లిగాని పిలగాడైతే సాకు కూడా అక్కరలేదు.

ఇల్లు పోవుడంటే ఏమిటో ఈ సీమకు ఒకరు నేర్పనక్కరలేదు. 1981లో శ్రీశైలం జలాశయం కోసం సుమారు వంద గ్రామాలను ఖాళీ చేయించిండ్రు. కొల్లాపూర్, అలంపూర్ తాలూకాల పల్లెలు నీళ్లపాలైనయి. నిర్వాసితులకు ఉద్యోగాలిస్తమని 1986లో 98 జీవో తెస్తే, దాని కోసం వాళ్ల బిడ్డలు దశాబ్దాలు తిరిగిండ్రు. నీడ పోగొట్టుకున్న గోస తెలిసిన నేల మీద, నీడ అడిగినోని కులం అడుగుడు న్యాయమేనా?

ఇది ఉద్యోగుల సమస్య కూడా. 2021 డిసెంబరులో వచ్చిన 317 జీవో కింద ఉద్యోగులను, టీచర్లను కొత్త జిల్లాలకు కేటాయించిండ్రు. సొంత జిల్లా విడిచినోళ్లు పోయిన చోట మొదలు వెతికింది కిరాయి ఇల్లే. ఇగ లెక్క చూడుండ్రి. 2021 వేతన సవరణలో కనీస మూలవేతనం 19,000 రూపాయలు. ఇంటి అద్దె భత్యం హైదరాబాద్‌లో 24 శాతం, కొల్లాపూర్ వంటి చిన్న పట్టణంలో 11 శాతం. అంటే అక్కడ 4,560, ఇక్కడ 2,090. అదే ఏడాది ఔట్‌సోర్సింగ్ ఉద్యోగికి ఖరారు చేసిన కనీస జీతం 15,600. కిరాయి, తిండి, పిల్లల ఫీజు అన్నీ అందులోనే. పీజీ కేంద్రానికి పల్లెల నుంచి వచ్చే విద్యార్థికి ఆ జీతం కూడా లేదు.

సర్కారు ఇండ్ల పథకాల్లో కిరాయిదారు కనపడడు. 2024 మార్చిలో భద్రాచలంలో మొదలైన ఇందిరమ్మ పథకం మొదటి విడతల 5 లక్షల సాయం సొంత జాగ ఉన్నోళ్లకు. జాగనే లేనోడు ఎక్కడ కట్టుకోవాలె?

ఇంటి ఓనర్ల మీద మాకు పగ లేదు. అప్పు చేసి పైన రెండు గదులు వేసుకొని, ఆ కిరాయి మీదనే మందులు కొనుక్కునే ముసలోళ్లు ఉన్నరు. కిరాయి ఎగ్గొట్టిపోయినోళ్లను చూసి భయపడ్డోళ్లు ఉన్నరు. ఆ భయానికి మందు రాతపూర్వక ఒప్పందం, నెలనెలా రశీదు. కులం అడుగుడు మందు కాదు, నేరం. అంటరానితనం పేరు మీద ఎవరినైనా ఏ వాడలోనైనా నివాసం ఉండకుండ అడ్డుకుంటే శిక్ష ఉంటదని 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం చెప్పింది. సాకుల చాటున ఆ చట్టం అక్కరకు రాకుండపోతున్నది.

2011 సెప్టెంబర్ 13 నుంచి 42 రోజులు సకల జనుల సమ్మె జరిగింది. రోడ్ల మీద వంటావార్పు చేసినం. పక్కన కూర్చొని తిన్నోడు ఎవరోడని ఎవరూ అడగలేదు. జీతం రాని ఉద్యోగిని ఆ నెల కిరాయి అడగని ఓనర్లను మేము కండ్లార చూసినం. రోడ్డు మీద లేని కులం గడప దగ్గర ఎట్ల లేచింది?

మా డిమాండ్లు పెద్దవేం కావు. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం, నివాస గృహాలకు అడ్వాన్స్ రెండు నెలల కిరాయి మించొద్దన్నది. ఆ కట్టడి చిన్న పట్టణాల దాకా రావాలె. ఖాళీ ఇండ్ల వివరాలు మున్సిపాలిటీ ఆఫీసులో అందరికీ దొరకాలె. ఉద్యోగినులకు, విద్యార్థులకు సరిపడా హాస్టళ్లు కట్టాలె. ఉద్యోగ సంఘాలు జీతాల కోసం కొట్లాడినట్టే, తోటి ఉద్యోగికి కులం పేరు మీద ఇల్లు నిరాకరిస్తే వెంట నిలబడాలె. సొంత ఇండ్లున్న ఉద్యోగులారా, మొదటి అడుగు మీదే. రేపు మీ గడపకు కిరాయికి వచ్చినోళ్లను పేరు అడుగుండ్రి, పని అడుగుండ్రి. ఆ ఒక్క ప్రశ్న మాత్రం మానుకోండ్రి.

రాష్ట్రం మనదైంది. అందులో తలదాచుకునే ఒక గది కూడా అందరిదీ కావాలె.