ఆ డబ్బా పారేయకండి



మొన్నటి పేరెంట్స్ మీటింగ్‌లో ఒక తండ్రి అన్న మాట నా మనసులోంచి పోవడం లేదు. "మావాడు అగ్గిపెట్టెల బొమ్మలు పోగేసుకుని కూర్చుంటున్నాడు సార్. పరీక్షలొస్తున్నాయని డబ్బా మొత్తం పాత పేపర్లవాడికి వేసేశాను." ఆయన్ని తప్పుపట్టను. ఇంత ఫీజు కడుతున్నప్పుడు ఆ ఆందోళన సహజమే. కానీ ఆ డబ్బాతో పాటు ఇంకేం పోయిందో నాకు తెలుసు. నా దగ్గరా అలాంటి డబ్బా ఒకటుంది.

నాది పాత అమెరికన్ రేజర్ల డబ్బా. మన నాన్నలు వాడిన, రెండువైపులా పదునుండే బ్లేడు రేజర్లు కావవి. ఒకవైపే పదునుండే రకం. న్యూజెర్సీలో ఉండే మా అన్నయ్య అక్కడి పాత సామాన్ల సంతలో కొనిచ్చిన రెండింటితో మొదలైంది. "అన్నీ ఒకటేగా!" అంటుంది మా ఆవిడ. నిజమే, పైకి ఒకటే. అసలు పని మొదలయ్యేదే అక్కడ.

ఈ రకానికి మూలం న్యూయార్క్‌లోని కాంప్ఫె సోదరులు. 1880లో వాళ్లు పేటెంట్ తీసుకున్న 'స్టార్' రేజరులో మంగలికత్తి ముక్కలాంటి మందపాటి బ్లేడు ఉండేది. దాన్ని పారేయకుండా మళ్లీ మళ్లీ సానపట్టుకునేవారు. 1904లో జిల్లెట్‌కు పలుచటి రెండంచుల బ్లేడుపై పేటెంట్ వచ్చింది. అయినా ఒకవైపు రకం పోలేదు. వెన్ను మందంగా ఉండే, వాడి పారేసే బ్లేడులతో జెమ్, ఎవర్‌రెడీ రేజర్లు దశాబ్దాలపాటు అమ్ముడయ్యాయి.

ఒకరోజు వీటిని బ్లేడులు లేకుండా ఎనిమిదో తరగతికి తీసుకెళ్లాను. ఒకదాని మీద 1912 అని ఉంది. "ఇది ఏ సంవత్సరం తయారైంది?" అని అడిగితే, క్షణంలో క్లాసంతా చేతులెత్తింది. "1912 సార్!" ఎప్పుడూ నోరు విప్పని ఒక అమ్మాయి మాత్రం మెల్లగా అంది: "సార్, దాని ముందు పేటెంట్ అని ఉంది కదా. తయారైంది అప్పుడేనని ఎక్కడుంది?"

ఆ అమ్మాయి చెప్పిందే నిజం. అది పేటెంట్ తేదీ. ఆ నమూనాను తర్వాత కూడా చాలా ఏళ్లు తయారు చేశారు. మరి వయసు తేల్చేదెలా? పక్కపక్కన పెట్టి పోల్చాలి. పళ్లెన్ని, పిడి మీద గీతలెలా ఉన్నాయి, కంపెనీ పేరు ఎక్కడ ముద్రించారు, మూత ఎలా తెరుచుకుంటుంది? 1912 రకంలో మూత కీలు మీద పైకి లేస్తుంది. 1930లో వచ్చిన జెమ్ మైక్రోమాటిక్‌లో పిడి కింది మర తిప్పితే మూత తెరుచుకుంటుంది. బెల్లు కొట్టినా పిల్లలు లేవలేదు.

మనం పిల్లలకు నాలుగు ఆప్షన్లలో ఒకటి వేగంగా టిక్ పెట్టడం బాగా నేర్పుతున్నాం. ఆ తప్పులో మా స్కూలు వాటా కూడా ఉంది. కానీ మొదట తట్టిన జవాబును అనుమానించడం, ఒకేలా కనిపించేవాటిలో తేడా పట్టడం టెస్టు సిరీస్‌లతో రావు. రేపు ల్యాబ్‌లోనైనా, ఆసుపత్రిలోనైనా, ఆడిట్‌లోనైనా అక్కరకొచ్చేది ఆ చూపే.

చదువు మానిపించమని నేను చెప్పడం లేదు. రేజర్లు కొనివ్వమనీ కాదు. బస్సు టికెట్లు, నాణేలు, సీసా మూతలు, ఆకులు, ఏవైనా సరే. ఆదివారం ఒక్క గంట, అలమరలో ఒక్క అర ఇవ్వండి చాలు. పక్కన కూర్చుని "ఈ రెండింటికీ తేడా ఏంటి? నీకెలా తెలిసింది?" అని అడగండి. జవాబు వచ్చేదాకా ఆగండి. దాన్ని ప్రాజెక్టుగా మార్చకండి. మేమూ దానికి మార్కులు వేయం.

ఆ తండ్రికి కూడా ఇదే చెప్పాను. పోయిన డబ్బా తిరిగి రాదు. కానీ ఖాళీ డబ్బా ఒకటి మీరే తెచ్చి పిల్లవాడి చేతిలో పెట్టవచ్చు.