సైకాలజీ డిగ్రీ: అప్పుకు ముందు ఒక లెక్క



ఇంటర్మీడియెట్ ఫలితాలు వచ్చాయంటే ఒకప్పుడు మన ఇళ్లలో రెండే మాటలు వినబడేవి: ఇంజనీరింగా, మెడిసినా? ఇప్పుడు మూడవ మాట కూడా వినబడుతోంది. "నేను సైకాలజీ చదువుతాను" అని పిల్లలు అడుగుతున్నారు. ఇది సంతోషించదగిన కోరికే. మనసు నలిగినవారి మాట ఓపికగా వినేవారు మన మధ్య బహు కొద్దిమంది. అయితే ఆ చదువు కోసం తల్లి మెడలోని బంగారమో, ఇంటి దస్తావేజులో బ్యాంకుకు చేరవలసి వచ్చినప్పుడు, కోరికతోపాటు లెక్క కూడా చూడాలి. ప్రభువు చెప్పిన గోపురం ఉపమానం మీకు తెలిసినదే. పునాది దగ్గర ఆగిపోయిన కట్టడం ఎవరికీ నీడనివ్వదు.

"మూడేళ్లు చదివితే మా అమ్మాయి మనసు డాక్టరమ్మ అయిపోతుంది గదా, అయ్యగారూ?" అని ఈమధ్య ఒక తల్లి అడిగారు. చాలామంది అనుకునేది ఇదే. కాదమ్మా. మందులు రాసే మానసిక వైద్యులు ఎం.బి.బి.ఎస్. చదివి, ఆపైన మానసిక వైద్యంలో పి.జి. చేసినవారు. అది వేరే దారి. మందులు లేకుండా పరీక్షలతో, సంభాషణతో చికిత్స చేసే క్లినికల్ సైకాలజిస్టులకు 1992 నాటి చట్టం ప్రకారం భారత పునరావాస మండలిలో, అంటే ఆర్.సి.ఐ.లో, నమోదు ఉండాలి. బి.ఏ. సైకాలజీ ఒక్కదానితో ఆ నమోదు రాదు. ఇన్నాళ్లూ మూడేళ్ల డిగ్రీ, రెండేళ్ల ఎం.ఏ., ఆ తరువాత రెండేళ్ల ఎం.ఫిల్., మొత్తం ఏడేళ్ల దారి అది. ఆ ఎం.ఫిల్. ప్రవేశాలు 2025-26 వరకేనని యు.జి.సి. గడువు పెట్టింది. దాని స్థానంలో వేరే కోర్సులు వస్తున్నాయి. ఏ కోర్సులో చేరినా ఆర్.సి.ఐ. గుర్తింపు ఉన్నదో లేదో ముందే చూసుకోండి.

ఇప్పుడు అప్పు సంగతి. ఒక అమ్మాయి దూరపు పట్టణంలోని ప్రైవేటు విశ్వవిద్యాలయంలో చేరిందనుకుందాం. ఫీజు, హాస్టలు కలిపి ఏడాదికి రెండు లక్షల చొప్పున మూడేళ్లకు 6 లక్షల అప్పు. వడ్డీ నూటికి ఏడాదికి 10 రూపాయలు. చదువు ముగిసిన ఏడాది వరకు సాధారణంగా వాయిదాలు కట్టనక్కరలేదు. కాని వడ్డీ ఆగదు. బారువడ్డీయే వేసుకున్నా ఆ నాలుగేళ్లలో 1,80,000 రూపాయలు చేరి బాకీ 7,80,000 అవుతుంది. దానిని పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 10,300 రూపాయలు కట్టాలి. మొత్తం కట్టేది 12 లక్షలు దాటుతుంది. పదిహేనేళ్లకు పొడిగిస్తే నెల వాయిదా 8,400కు తగ్గుతుంది గాని, మొత్తం 15 లక్షలవుతుంది.

రెండవ పక్క సంపాదన చూడండి. బి.ఏ. సైకాలజీతో వెంటనే దొరికేవి కంపెనీల్లో సిబ్బంది విభాగపు చిన్న ఉద్యోగాలు, సేవాసంస్థల్లో పనులు, ప్రత్యేక అవసరాలు గల పిల్లల బడుల్లో సహాయకుల పనులు. నెలకు 20,000 వచ్చిందనుకున్నా సగం జీతం వాయిదాకే పోతుంది. గది అద్దె, భోజనం, ఛార్జీలు పోగా ఏమి మిగులుతుంది? అంతకంటె పెద్ద నష్టం ఇంకొకటున్నది. పై చదువుకు వెళ్లవలసిన సమయంలోనే బాకీ ఆమె కాళ్లకు అడ్డుపడుతుంది. ఎం.ఏ. మానుకొని, దొరికిన ఏదో పనిలో చేరుతుంది. ఏ పని కోసం అప్పు చేశారో ఆ పనికి ఆ అప్పే దూరం చేస్తుంది.

కాబట్టి నేను చెప్పేది ఒక్కటే: మొదటి డిగ్రీని వీలైనంత తక్కువ ఖర్చుతో ముగించండి. అప్పు చేయగల శక్తిని పై చదువుకు దాచిపెట్టండి. ఇంటికి దగ్గరలోని ప్రభుత్వ కళాశాలలో సైకాలజీ ఉంటే దానిని చిన్నచూపు చూడవద్దు. ఆంధ్రాలోనైనా తెలంగాణాలోనైనా ప్రభుత్వ విశ్వవిద్యాలయాల పి.జి. సీట్లకు ప్రవేశపరీక్ష ఉంది. అక్కడ అడిగేది మార్కులనే గాని, మీరు కట్టిన ఫీజును కాదు.

అప్పు తప్పనిసరి అయితే, వాయిదా ఆశించే జీతంలో అయిదవ వంతు దాటకుండా చూసుకోండి. 20,000 జీతానికి 4,000. పైన చెప్పిన వడ్డీ లెక్కన, పదేళ్లలో తీర్చుకునేట్లయితే, ఇది సుమారు 2,30,000 అప్పుకు సరిపోతుంది. 2024లో కేంద్రం ఆమోదించిన పి.ఎం. విద్యాలక్ష్మి పథకంలో, జాబితాలోని విద్యాసంస్థల్లో చేరినవారికి, కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉంటే, 10 లక్షల వరకు అప్పుపై చదువుకాలంలో నూటికి 3 రూపాయల వడ్డీ రాయితీ ఉంది. మీ కళాశాల ఆ జాబితాలో ఉందేమో బ్యాంకులో విచారించండి.

మరొక హెచ్చరిక. ఖర్చు తక్కువని దూరవిద్యలో చేరబోకండి. 2025 జులై-ఆగస్టు విడత నుండి సైకాలజీని దూరవిద్యలో గాని, ఆన్‌లైన్‌లో గాని నడపరాదని యు.జి.సి. నిషేధించింది.

యౌవనస్థులారా, ఏడేళ్లు ఓపిక పట్టలేమనిపిస్తే అందులో సిగ్గుపడవలసినది లేదు. ప్రత్యేక విద్యలో బి.ఎడ్. చేసి, ఆర్.సి.ఐ.లో నమోదై ఉపాధ్యాయులు కావచ్చు. బ్యాంకు పరీక్షలకు, గ్రూప్స్‌కు ఈ డిగ్రీ చాలు. ఈ రాత్రే ఒక కాగితం తీసుకొని, అమ్మానాన్నల దగ్గర కూర్చుని, ఒక పక్క వాయిదా, ఒక పక్క జీతం రాయండి. తల్లిదండ్రులారా, పిల్లల కోరికను కోపంతో కొట్టివేయవద్దు, ప్రేమతో గుడ్డిగా సంతకమూ పెట్టవద్దు. ఆ కాగితం ఇద్దరూ కలిసి చదివాకనే బ్యాంకు మెట్లెక్కండి.