డ్యూటీ గంటలు రాయందే బండి కదలొద్దు

ప్రయాణికులకు, డ్రైవర్లకు, లారీ ఓనర్లకు, ట్రావెల్స్ యజమానులకు, రెండు తెలుగు రాష్ట్రాల రవాణా, కార్మిక శాఖల వారికి విజ్ఞప్తి

తెల్లవారుజామున ఆగి ఉన్న లారీని బస్సు వెనక నుంచి గుద్దిందనో, కారు డివైడర్ ఎక్కి బోల్తా పడిందనో పేపర్లో వార్త వస్తుంది. ‘డ్రైవర్ నిద్రమత్తే కారణమని పోలీసులు భావిస్తున్నారు’ అన్న మాట కింద ఉండనే ఉంటుంది. కేసు డ్రైవర్ మీద పెడతారు. అతను కూడా చనిపోతే ఫైలు మూసేస్తారు. అతను అంతకుముందు ఎన్ని గంటలు నిద్రపోయాడు, ఆ టైముకల్లా ఊరు చేరాలని ఎవరు చెప్పారు అని అడిగేవాళ్లు లేరు. అడిగినా చూపించడానికి కాగితం ఉండదు. ఆ కాగితం ఉండి తీరాలన్నదే మా డిమాండు.

చట్టం ఎప్పుడో చెప్పింది

మోటారు రవాణా కార్మికుల చట్టం 1961 నాటిది. డ్రైవర్‌తో రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు మించి పని చేయించకూడదంది. దూరపు రూట్లలో, అదీ అధికారుల అనుమతితో, రోజుకు 10, వారానికి 54 గంటల దాకా వెళ్లవచ్చు. 5 గంటలు పని చేశాక కనీసం అరగంట విరామం ఇవ్వాలి. ఒక రోజు డ్యూటీ దిగి మర్నాడు ఎక్కేలోపు వరుసగా 9 గంటల విశ్రాంతి ఉండాలి. హైవే మీద ఏ దాబా దగ్గరైనా నలుగురు లారీ డ్రైవర్లను అడిగి చూడండి, ఈ అంకెలు విని నవ్వుతారు.

ఆ చట్టం అయిదుగురు, అంతకుమించి కార్మికులున్న సంస్థలకే వర్తించేది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్‌లో అది కలిసిపోయింది. రోజుకు 8 గంటలన్న మాట నిలిచింది గానీ, సంస్థ పరిమితి పదిమందికి పెరిగింది. ఒకటి రెండు లారీలున్న ఓనర్లు అప్పుడూ బయటే, ఇప్పుడూ బయటే. మన రోడ్ల మీద అలాంటి బళ్లే ఎక్కువ. నేషనల్ పర్మిట్ లారీకి ఇద్దరు డ్రైవర్లు ఉండాలన్న నిబంధననూ 2018లో తీసేశారు.

అయినా ఒక దారి మిగిలి ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం 91వ సెక్షన్ రవాణా వాహనం నడిపే ఎవరికైనా గంటల పరిమితి పెట్టింది. సంస్థలో ఎంతమంది ఉన్నారన్న ప్రశ్న అందులో లేదు. డ్రైవర్ల పని గంటలను ముందే నిర్ణయించి, నమోదు చేయాలని యజమానులను ఆదేశించే అధికారం అదే సెక్షన్ రాష్ట్ర ప్రభుత్వాలకు ఇచ్చింది. నమోదైన గంటలు దాటి పని చేయడమే కాదు, చేయించడం కూడా తప్పేనంది. కాబట్టి కొత్త చట్టం కోసం ఢిల్లీ వైపు చూడనక్కరలేదు. ఈ గంటల అమలుకు రాష్ట్రాలతో కూర్చుని దారి వెతకమని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్‌లో కేంద్ర రవాణా శాఖకు చెప్పింది కూడా.

నిద్రలేమీ మత్తే

వరుసగా 17 గంటలు మేలుకున్న మనిషి చూపు, చేయి ఎంత మందగిస్తాయో పరిశోధకులు కొలిచారు. రక్తంలో వంద మిల్లీలీటర్లకు 50 మిల్లీగ్రాముల ఆల్కహాల్ ఉన్నవాడితో సమానమని తేలింది. మన చట్టంలో 30 దాటితేనే తాగి నడిపినట్టు లెక్క. ఉదయం ఆరింటికి లేచి పగలంతా కునుకు తీయని డ్రైవర్‌కు రాత్రి పదకొండుకే 17 గంటలు నిండుతాయి. హైదరాబాద్‌లో స్లీపర్ బస్సులు బయల్దేరే వేళ అది. ఆ తర్వాత రెండు నుంచి ఆరు దాకా ఒళ్లు తనంతట తానే నిద్రకు లాగుతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. మూడు సెకన్లు రెప్ప వాలితే 66 మీటర్లు బండిని నడిపేవాడు లేనట్టే.

రాత్రిపూట పోలీసులు లారీలు ఆపి, డ్రైవర్ల మొహం కడిగించి పంపుతున్నారు. మంచి ఉద్దేశమే. కానీ చన్నీళ్లు, టీ, గుట్కా నిద్రను కాసేపు వాయిదా వేస్తాయంతే. నిద్రకు నిద్రే మందు.

డ్యూటీ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది?

బెంగళూరు బస్సు డ్రైవర్ సంగతే చూడండి. తెల్లారి ఊళ్లోకి వచ్చాక పాయింటు పాయింటుకూ ప్రయాణికులను దించుతూ పోయేసరికి ఎనిమిదవుతుంది. పార్సిళ్లు దించాలి, బండి కడిగించాలి. ఎండలో నిలబెట్టిన బస్సులోనే పడుకోవాలి. ఏసీ వేయాలంటే డీజిల్ లెక్క అడుగుతారు. సాయంత్రం ఆరింటికి మళ్లీ పికప్పులు. స్పేర్ డ్రైవర్ ఉన్నా పడక డిక్కీలో, సామాన్ల పక్కన. యజమాని దృష్టిలో పగలంతా అతనికి ‘రెస్టే’.

భీమవరం, ఆకివీడు వైపు నుంచి చేపల లోడుతో హౌరాకో గువాహటికో వెళ్లే డ్రైవర్‌ది ఇంకో బాధ. చెరువు గట్టు మీద పట్టుబడి, తూకం, ఐస్ ప్యాకింగ్ అయ్యేదాకా బండి దగ్గరే ఉండాలి. లోడు కట్టాక ఐస్ కరిగేలోపు మార్కెట్‌కు చేరాలి. చెరువు దగ్గర పోయిన గంటలను రోడ్డు మీద, అంటే తన నిద్రలోంచి, రాబట్టుకోవాలి.

అద్దె కారులో తిరుపతి వెళ్లే కుటుంబాలదీ ఇదే తీరు. రాత్రంతా నడిపించి, దర్శనమయ్యేదాకా పార్కింగ్‌లో కూర్చోబెట్టి, ‘రూము ఖర్చెందుకు, ఈ రాత్రికే వెళ్లిపోదాం’ అంటాం. పిల్లలు వెనక సీట్లో పడుకుని ఉంటారు. వాళ్ల ప్రాణం ఆ నిద్రలేని కళ్ల మీదే ఆధారపడి ఉంటుంది.

మా డిమాండ్లు

1. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు 91వ సెక్షన్ కింద డ్యూటీ కార్డును తప్పనిసరి చేయాలి. డ్రైవర్ లైసెన్సు నంబరు, డ్యూటీ ఎక్కిన టైము, దిగిన టైము, చివరి విశ్రాంతి అందులో ఉండాలి. ఒక్క లారీ ఓనరుకూ మినహాయింపు వద్దు.

2. లోడింగ్, అన్‌లోడింగ్, పికప్పులు, బండి దగ్గర కాపలా అన్నీ డ్యూటీగానే లెక్కించాలి. బండి ఆగినంత మాత్రాన విశ్రాంతి అనకూడదు.

3. కార్డులోని టైములను ఫాస్టాగ్‌తో, లొకేషన్ ట్రాకింగ్ పరికరంతో సరిచూడాలి. ఫాస్టాగ్ 2021 నుంచి తప్పనిసరి. 2019 నుంచి రిజిస్టరైన బస్సులు, టాక్సీలకు ట్రాకింగ్ పరికరం ఉండాలన్న నిబంధన ఉంది. బండి ఏ టోలుగేటు ఎప్పుడు దాటిందో రికార్డవుతూనే ఉంది. ఆ సమయంలో స్టీరింగ్ ఎవరి చేతిలో ఉందన్నదే రాయాలి.

4. గంటలు మించితే జరిమానా ముందు యజమానికి పడాలి. ప్రమాదం జరిగితే దర్యాప్తులో మొదట అడగాల్సిన కాగితం డ్యూటీ కార్డే కావాలి.

5. ప్రధాన హైవేల మీద లారీలు ఆపుకునే స్థలం, పడక, స్నానానికి నీళ్లు, రాత్రి కాపలా ఉండాలి. డీజిల్ దొంగల భయంతో కళ్లు తెరుచుకుని పడుకుంటే అది నిద్ర కాదు.

‘గిట్టుబాటు కాదు’ అంటారా?

డ్రైవర్లే ఎక్కువ ట్రిప్పులు అడుగుతున్నారని ఓనర్లంటారు. నిజమే. జీతం తక్కువ పెట్టి ట్రిప్పుకింత బత్తా అంటే ఎవరైనా అడుగుతారు. జీతం సరిగా ఇచ్చి, హాల్టింగ్ చార్జీలో డ్రైవర్‌కు వాటా ఇవ్వండి, ఆ పరుగు తగ్గుతుంది. రెండో డ్రైవర్ ఖర్చు ఒక్కరే మోస్తే చిన్న ఓనరు దెబ్బతింటాడన్నదీ నిజమే. అందుకే రూలు అందరికీ ఒక్కసారే వర్తించాలంటున్నాం. అప్పుడు అందరి కిరాయిలోనూ ఆ ఖర్చు కలుస్తుంది. ఇవాళ రూలు పాటించే ఓనరుకు లోడు దొరకదు, డ్రైవర్‌ను మూడు రాత్రులు నిద్రపోనివ్వనివాడికి దొరుకుతుంది. యూరప్‌లో నాలుగున్నర గంటలు నడిపాక 45 నిమిషాల విరామం తప్పదు, బండిలోని టాకోగ్రాఫ్ అంతా నమోదు చేస్తుంది. అక్కడా సరుకులు టైముకే చేరుతున్నాయి.

మీరు చేయాల్సింది

బస్సు ఎక్కేముందు ‘డ్రైవర్లు ఎంతమంది, నిన్న రాత్రి ఎవరు నడిపారు?’ అని అడగండి. కారు మాట్లాడుకునేటప్పుడే డ్రైవర్ పడకకు డబ్బు కలిపి లెక్క వేసుకోండి. యాక్టింగ్ డ్రైవర్‌ను పిలిస్తే అతను పగలు ఎక్కడ డ్యూటీ చేసి వచ్చాడో కనుక్కోండి. డ్రైవరన్నలూ, ఏ రోజు ఎన్ని గంటలు చేశారో ఫోన్‌లోనైనా రాసి పెట్టుకోండి. రేపు కేసు వస్తే మీ పక్షాన మాట్లాడేది అదే.

ఈ డిమాండ్లను అర్జీగా రాసి, మీ వీధివాళ్ల సంతకాలతో సోమవారం కలెక్టరేట్‌కు వెళ్లండి. తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక జరిగేది ఆ రోజే. అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. జవాబు రాకపోతే తర్వాతి సోమవారం ఇంకో పదిమందితో మళ్లీ వెళ్లండి.

గంటలు రాయాలి! రాసింది చూడాలి! దాటించినవాడే జవాబు చెప్పాలి!

ఇట్లు,
రాత్రి రోడ్ల మీద తిరిగే డ్రైవర్లు, వాళ్ల కుటుంబాలు, ప్రయాణికులు