గొంతులో ఎముక కాదు

రాజమహేంద్రవరం నుంచి ఒక సోదరి వ్రాస్తున్నారు: "బంధువుల పెళ్ళికి వెళుతూ మా కుక్కను నాలుగు రోజులు కుక్కల హాస్టల్లో వుంచాము. ఇంటికి తెచ్చిన మూడోనాటి నుంచి ఒకటే దగ్గు. దగ్గి దగ్గి చివరకు తెల్లని నురగ కక్కుతుంది. తిండి మాత్రం మామూలుగానే తింటోంది. గొంతులో ఎముక ఇరుక్కుందని మా అత్తగారు అంటున్నారు. పక్కింటివారేమో అది కోరింతదగ్గు, పిల్లలున్న ఇల్లు, ఎక్కడైనా దూరంగా వదిలేసి రండి అంటున్నారు. మావారు ఆదివారం దాకా చూద్దామన్నారు. ఏం చెయ్యమంటారు?"

వదిలెయ్యవద్దమ్మా. ముందు ఆ మాట మీవారితో చెప్పి వచ్చి, తక్కినది చదవండి.

గొంతులో ఎముక ఇరుక్కున్న కుక్క ఇంత నిబ్బరంగా అన్నం తినదు. చొంగ కారుస్తుంది, ముందుకాళ్ళతో మూతి గీరుకుంటుంది, మింగలేక అవస్థపడుతుంది. అలా కనిపిస్తే ఆ పూటే డాక్టరుకు చూపించాలి. మీరు వ్రాసిన తీరు చూస్తే మాత్రం, పది కుక్కలు ఒకచోట చేరినప్పుడు ఒకదాని నుంచి ఒకదానికి అంటుకునే దగ్గులాగుంది. దీనికి ఇంగ్లీషులో 'కెనెల్ కాఫ్' అని పేరు. సోకిన తరువాత రెండు రోజుల నుంచి పది రోజులలో బయటపడుతుంది. మీ పెళ్ళి ప్రయాణం లెక్కకు అది సరిపోతోంది.

కొన్ని వైరస్‌లు కూడా ఈ దగ్గు తెస్తాయి గాని, సూక్ష్మజీవులలో పెద్ద దోషి బోర్డెటెల్లా బ్రాంకిసెప్టికా. అది చేసే పని చూడండి. గాలిగొట్టం లోపలి గోడకు కంటికి కనిపించని సన్నని నూగు వుంటుంది. వరిచేను గాలికి వూగినట్లు అది ఎప్పుడూ వూగుతూ, దుమ్మునూ కఫాన్నీ పైకి తోసేస్తూ వుంటుంది. ఈ సూక్ష్మజీవి సరిగ్గా ఆ నూగునే పట్టుకుని దాని కదలిక ఆపుతుంది. పనిమనిషి రాని ఇల్లులాగా లోపల చెత్త పేరుకుపోతుంది. దాన్ని బయటికి నెట్టడానికి దగ్గొక్కటే దారి.

మీ పక్కింటివారి మాటకు ఆధారం బొత్తిగా లేకపోలేదు. బెల్జియం శాస్త్రజ్ఞుడు జూల్ బోర్డే 1906లో తన సహచరుడితో కలిసి కోరింతదగ్గు సూక్ష్మజీవిని వేరుచేశాడు. ఆయన పేరుమీదనే ఆ కుటుంబానికి బోర్డెటెల్లా అని పేరు వచ్చింది. కుక్కలది దానికి దాయాది. ఇంటిపేరు ఒకటే, మనిషి వేరు. కోరింతదగ్గు మనుషుల జబ్బు. కుక్క నుంచి పిల్లలకు రాదు. కుక్కల సూక్ష్మజీవి మనుషులకు సోకడం చాలా అరుదు. కాన్సరుకు మందులు వాడుతున్నవారు, మూత్రపిండం మార్పిడి చేయించుకున్నవారు వంటి నీరసించిన శరీరాలవారు ఇంట్లో వుంటే వారిని మాత్రం దూరంగా వుంచాలి. ఆరోగ్యంగా వున్న పిల్లలకు చేతులు కడుక్కోవడం నేర్పితే చాలు.

పాపం, ఈ సూక్ష్మజీవి ఒకప్పుడు చెయ్యని నేరం కూడా మోసింది. కుక్కలను మట్టుపెట్టే డిస్టెంపరుకు కారణం వైరస్ అని ఫ్రాన్సులో కారే 1905లోనే చెప్పాడు. అయినా 1910, 1911 ప్రాంతాల అమెరికాలోనూ స్కాట్లండులోనూ పరిశోధకులకు జబ్బు కుక్కలలో ఇదే కనబడటంతో నేరం దీనిమీద మోపారు. లండన్ దగ్గర మిల్‌హిల్‌లో లెయిడ్‌లా, డంకిన్ అనే ఇద్దరు 1920ల చివరకు వైరస్సే అని రుజువు చేసేదాకా ఆ వాదం తేలలేదు. మనకు దీనితో పని ఏమిటంటే, దగ్గుతోబాటు కళ్ళవెంట పుసి, వాంతులు, విరేచనాలు, వొళ్ళు అదరడం వుంటే అది వేరే కథ కావచ్చు. ఆదివారం దాకా ఆగకండి.

తిండి తింటూ, చలాకీగా తిరిగే కుక్కకు ఈ దగ్గు సాధారణంగా రెండు మూడు వారాలలో దానంతట అదే తగ్గుతుంది. మెడకు బెల్టు తీసేసి, ఛాతీకి కట్టే పట్టీ వాడండి. మెడ దగ్గర లాగితే దగ్గు తెర వస్తుంది. పరుగులు పెట్టించవద్దు. పొయ్యి పొగకు, అగరుబత్తి పొగకు దూరంగా, గాలి ఆడేచోట పడుకోబెట్టండి. మన అలమారులోని దగ్గుమందు ఒక చెంచా పోద్దామనే బుద్ధి చాలామందికి పుడుతుంది. వద్దు. మనం వాడే నొప్పిమాత్రలలో ఐబుప్రొఫెన్ కుక్కకు విషం. కొన్ని సిరప్పులలో తీపికి కలిపే జైలిటాల్ కూడా అంతే. యాంటీబయాటిక్ కావాలా వద్దా అన్నది డాక్టరుగారు చూసి చెప్పాలి. తేలిక దగ్గుకు చాలాసార్లు అవసరమే వుండదు.

జ్వరం చూసేటప్పుడు ఒక సంగతి. మనకు 101 డిగ్రీలంటే జ్వరం, కుక్కకు అది మామూలు వేడి. 103 దాటినా, తిండి మానినా, పడుకున్నచోటనే ఎగశ్వాస వచ్చినా, ముక్కునుంచి పచ్చని చీమిడి కారినా ఊపిరితిత్తులకు దిగిందేమోనని అనుమానించాలి. చిన్నకూనలకు, ముసలి కుక్కలకు, పగ్ లాంటి చప్పిడిముక్కు జాతులకు ఈ ప్రమాదం ఎక్కువ.

దగ్గు ఆగినంత మాత్రాన అంటు ఆగదు. ఈ సూక్ష్మజీవి కొన్ని వారాలపాటు, ఒక్కొక్కప్పుడు రెండు మూడు నెలలు, కుక్క శ్వాసలో వుండిపోతుంది. అందుచేత ఎప్పటినుంచి బయటికి తిప్పవచ్చో డాక్టరుగారినే అడగండి. నీళ్ళగిన్నె వేరే పెట్టండి. ఇంట్లో పిల్లి వుంటే దానికీ సోకవచ్చు. వచ్చే ప్రయాణానికి ముందు ముక్కులో చుక్కలుగా వేసే టీకా వేయించండి. చివరి నిమిషంలో కాదు, కనీసం వారం ముందు. టీకా వేసినా దగ్గు అసలే రాదని కాదు, వస్తే తేలికగా పోతుంది. టీకా కాగితం అడగకుండా కుక్కను చేర్చుకునే హాస్టలు ఎంత శుభ్రంగా వున్నా నాకైతే నమ్మకం లేదు.

ఇంకొక్క పని. ఆ హాస్టలువారికి ఇవాళే ఫోను చేసి సంగతి చెప్పండి. ఆ నాలుగు రోజులూ మీ కుక్క పక్కన వున్న కుక్కల ఇళ్ళల్లో కూడా ఈపాటికి ఎవరో ఒకరు నోరు తెరిపించి ఎముక కోసం వెతుకుతూ వుంటారు.