ఇంజినీర్ల సభలు మా ఊళ్లోనూ పెట్టించండి

సంగారెడ్డి జిల్లా కలెక్టర్ గారికి,

సెప్టెంబర్ 15, మోక్షగుండం విశ్వేశ్వరయ్య పుట్టినరోజు, అదే ఇంజినీర్స్ డే. ఆ సందర్భంగా జరిగే ఉపన్యాసాలు, శిక్షణ తరగతులంటే మా మాస్టార్లకు హైదరాబాదే. జహీరాబాద్ నుంచి దాదాపు వంద కిలోమీటర్లు. చీకటితోనే బస్సెక్కి, గేర్‌బాక్సు బొమ్మను తెరమీద చూసి, రాత్రికి ఇల్లు చేరతాం. మా ఊళ్లోని మహీంద్రా ఫ్యాక్టరీలోనేమో ట్రాక్టర్లే తయారవుతున్నాయి!

2024 ఆగస్టులో కేంద్రం జహీరాబాద్‌కు పారిశ్రామిక స్మార్ట్ సిటీ మంజూరు చేసింది. అక్కడ మా పిల్లలకు కొలువులు దొరకాలంటే, ముందు పాఠం చెప్పేవాళ్ల చేతికి కొత్త యంత్రం తగలాలి కదా. ఐఐటీ మన కందిలోనే ఉంది. వాళ్లనూ ఫ్యాక్టరీవాళ్లనూ పిలిచి మాట్లాడండి. ఈ ఏడాది ఒక్క శిక్షణైనా ఇక్కడ, యంత్రాలు నడిచే రోజున పెట్టించండి.

ఇట్లు,
జహీరాబాద్ మాస్టారు ఒకరు