దొర బొమ్మకు నేటికిని కప్పమా?

తెల్లదొర ఈ దేశము విడిచి డెబ్బదియైదేండ్లు దాటినవి. ఆతని నాణెము మాత్రము నేటికిని మన జేబులనుండి కప్పము గుంజుచున్నది. దిల్‌సుఖ్‌నగరులో అద్దెగదియందుండి ఉద్యోగపరీక్షలకు చదువుకొను యువకుని ఫోనులోను, ఎల్.బి.నగరు మెట్రో దిగి యింటికి నడచు గుమాస్తా ఫోనులోను ఒకే తీరు ప్రకటన మెఱయుచున్నది: విక్టోరియా రాణి రూపాయి యున్నచో లక్షలిత్తుమని. అది చూచి తాతలనాటి పెట్టె తెఱవనివాడెవడు?

పిమ్మట జరుగు తంతు ఇది. నాణెమునకు ఫోటో దీసి పంపుమందురు. గడియలోపల లక్షల ధర నిశ్చయమగును. తరువాత నమోదు రుసుమనియు, జి.ఎస్.టి. యనియు, రిజర్వు బ్యాంకు ధ్రువపత్రమనియు ఒకదాని వెంట నొకటి అడుగుదురు. నాణెము పెట్టె కదలదు. సొమ్ము మాత్రము కదలిపోవును. ఎద్దును కొనవచ్చినవాడు ఎద్దుగలవానినే బయానా యడుగునా? సంతలో పల్లెటూరి రైతు నవ్వి త్రోసిపుచ్చు మాటను పట్టభద్రులు నమ్ముట మనకు సిగ్గుగాదా? పాత నాణెముల క్రయవిక్రయములలో తాను లేననియు, అందులకు రుసుముగాని కమీషనుగాని ఎన్నడు నడుగననియు, తన పేర వసూలు చేయుట కెవరికిని అధికారమీయలేదనియు రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టు 4వ తేదీననే ప్రకటించెను. మోసపోయినవారు సిగ్గుచే దాచుకొనక 1930 నంబరునకు వెంటనే ఫోను చేయవలెను.

ఈ మోసమునకు ఆధారము మన అజ్ఞానమే. పాతది గనుక విలువగలదనుట భ్రమ. 1835లో కంపెనీవారు తమ యేలుబడి యంతటికి నొకే రూపాయి నేర్పఱచిరి. బరువు 180 గ్రెయినులు, అనగా సుమారు 11.66 గ్రాములు, పండ్రెండు పాళ్లలో పదునొకండు వెండి. 1862 అను సంవత్సరమును ముద్రించి, 1874 వఱకును అదే తేదీతో రూపాయలు కొట్టిరి, అట్టివి అరుదెట్లగును? 1918 నాటి జార్జి రూపాయలు కోట్లకొలది. 1940 నుండి వెండి సగమునకు దిగెను. 1947 నాటి రూపాయిలో వెండి లేనేలేదు, అంతయు నికెలు. 1911 నాటి రూపాయి కథ వేఱు. రాజు వస్త్రముపైని ఏనుగు పందివలె గన్పట్టెనని జనులు మండిపడగా, సర్కారువారు దానిని వెనుకకు దీసి చాలవఱకు కరగించిరి. ప్రజల కోపమువలన అరుదైన నాణెమది. దానికి గిరాకి యుండుట న్యాయమే.

ఇంతకంటె నీచమైన వ్యాపారము మఱియొకటి కలదు. ఒక వైపున ఈస్టిండియా కంపెనీ యనియు 1818 అనియు చెక్కి, రెండవ వైపున సీతారాముల పట్టాభిషేకము ముద్రించిన బిళ్ళలను అమ్ముచున్నారు. కంపెనీ అట్టి నాణెమును చలామణికి ముద్రించనే లేదు. అవి బియ్యపుగింజలను లాగుననియు, ఇంట నుంచిన సిరి కలుగుననియు చెప్పి లక్షలు దండుకొను ముఠాలు కలవు. దేవుని బొమ్మను కంపెనీ పేరునకు తాకట్టుబెట్టు ఈ వర్తకులకంటె ఆ కంపెనీవారే నయమనిపించును!

బానిసత్వపు గుర్తును కరగించి పాఱవైచిన నేమియని కొందఱు దేశాభిమానులందురు. మేమొప్పము. బొమ్మ దొరదైనను వెండికి వెల యిచ్చినది మన రైతు. 1893లో టంకశాలలను ప్రజల వెండికి మూసివైచి, రూపాయి విలువను పాలకులు తమ యవసరము చొప్పున నిలిపిన వైనమునకు ఆ నాణెమే సాక్షి. 1930లో గాంధీజీ వైస్రాయి ముందుంచిన పదునొకండు కోర్కెలలో రూపాయి మారకమును 1 షిల్లింగు 4 పెన్సులకు దింపుట యొకటి. ఇక మన హైదరాబాదులోనో, చార్మినారు బొమ్మగల హాలీ సిక్కాయే రాజ్యపు నాణెము. ఇంగ్లీషు రూపాయిని కల్దారనెడివారు. ఇంచుమించు ఏడు హాలీలకు ఆఱు కల్దారులు. నల్లగొండనుండి వచ్చి ఎల్.బి.నగరున ఇల్లు గట్టినవాని పెట్టెలో హాలీయు, కృష్ణా గుంటూరులనుండి వచ్చినవాని పెట్టెలో కల్దారును నుండుట సహజము. ఒకే వీధిలో రెండు రాజ్యముల చరిత్ర! దానిని ఫోటోకు బెట్టి దొంగల పాలు చేయుదుమా?

అమ్మవద్దని మేమనము. నిజమైన సేకర్తలును, నమ్మదగిన వర్తకులును కలరు. కాని 1972 నాటి పురావస్తు చట్టము ప్రకారము నూఱేండ్లు దాటిన నాణెము పురావస్తువు. దానిని ప్రజలు విదేశములకు పంపుట నేరము. అట్టివానితో వ్యాపారము సాగించుటకు లైసెన్సు కావలెను. భూమిలో దొరకిన నిధియైనచో 1878 నాటి చట్టము ప్రకారము కలెక్టరునకు తెలుపవలెను. పరదేశపు బేరగానికి టపాలో పంపుమని చెప్పువాడు మిమ్ము నేరస్థులను జేయుచున్నాడు.

సర్కారువారి నొకమాట అడుగవలసియున్నది. సైఫాబాదు పాత టంకశాలలో 2022లో నాణెముల ప్రదర్శనశాల తెఱచిరి, సంతోషమే. పబ్లిక్ గార్డెన్సు మ్యూజియములో వేలకొలది నాణెములు కలవు. అచ్చటి నిపుణులు నెలకొక ఆదివారము దిల్‌సుఖ్‌నగరు, ఎల్.బి.నగరు ప్రాంతముల పఠనమందిరములకు వచ్చి, జనులు తెచ్చిన నాణెమును చేతబట్టి, ఇది ఫలానా నాటిది, ఇది నకిలీ యని ఉచితముగ చెప్పుటకు అడ్డమేమి?