రాజపూజ్యం - అవమానం

ఉగాదినాడు పంచాంగం చేతికి రాగానే మనం మొదట వెతికేది ఆదాయ వ్యయాలు. ఆ తరువాత రాజపూజ్యం, అవమానం. ఈ లెక్క మనుషులకే కాదు, దేశాలకూ వేయవచ్చునని నాకు తోస్తుంది. 1932లో, అంటే మన ఆంగీరస నామ సంవత్సరం వచ్చిన ఏట, ఈ రెండు పద్దులూ ఎలా నడిచినవో చిత్తగించండి.

జనవరి 4వ తేదీన గాంధీజీని బొంబాయిలో అరెస్టు చేసి ఎరవాడ జైలుకు పంపారు. విల్లింగ్డన్ ప్రభువు ఏలుబడిలో కాంగ్రెసు నిషిద్ధ సంస్థ అయిపోయింది. ఆర్డినెన్సుల మీద ఆర్డినెన్సులు. వేలకు వేలు జనం జైళ్ళకు వెళ్ళారు. సరిగా ఆ ఏడే మన క్రికెట్టు జట్టు ఇంగ్లండు ప్రయాణం పెట్టుకున్నది. నాయకులు చెరసాలలో ఉండగా ఆటకు పోవడానికి మనసొప్పక, విజయ్ మర్చంటు మొదలైన బొంబాయి ఆటగాళ్ళు కొందరు ఆగిపోయారు.

ఓడ ఎక్కిన జట్టుకు నాయకుడెవరనుకున్నారు? పోరుబందరు మహారాజావారు! గాంధీజీ పుట్టిన ఊరు అదే. ఆయన తాత, తండ్రి ఆ సంస్థానానికి దివానుగిరీ చేసినవారే. దివానుగారి బిడ్డ ఎరవాడలో, రాజుగారు లండనులో!

అయితే ఆ మహారాజావారిని మెచ్చుకోవలసిన సంగతీ ఒకటున్నది. జూన్ 25న లార్డ్స్ మైదానంలో మన దేశపు మొట్టమొదటి టెస్టు. ఆయన తాను తప్పుకొని, ఆడగలవానికి చోటిచ్చారు. నాయకత్వం కొఠారి కనకయ్య నాయుడుగారిని వరించింది. నాగపూరులో స్థిరపడిన తెలుగువారి బిడ్డ ఆయన. 1926లో బొంబాయిలో ఇంగ్లీషు జట్టు మీద పదకొండు సిక్సర్లతో 153 పరుగులు చేసిన ఘనుడు. రాజులుండగా మామూలు ఇంటివాడు జట్టును నడపడం ఆ రోజులలో చిన్న విషయం కాదు.

ఆట మొదలైన అరగంటలో ఇంగ్లండు 19 పరుగులకు మూడు వికెట్లు పోగొట్టుకున్నది. వాటిలో రెండు నిసార్ బంతులకు పడినవి. చివరకు 158 పరుగుల తేడాతో ఓడామనుకోండి. గాయపడ్డ చేతితోనే నాయుడుగారు చేసిన 40 పరుగులు మొదటి ఇన్నింగ్సులో మనవైపు అన్నిటికన్నా ఎక్కువ. ఆగస్టు 11న లాస్ ఏంజెలిస్ ఒలింపిక్సులో మన హాకీ జట్టు అమెరికాను 24-1తో చిత్తు చేసింది. అందులో పది గోళ్ళు రూప్‌సింగువి, ఎనిమిది అన్నగారు ధ్యాన్‌చందువి.

ఇంతవరకు రాజపూజ్యం. వారం తిరగకముందే, ఆగస్టు 16న, బ్రిటిషు ప్రధాని మాక్డొనాల్డు కమ్యూనల్ అవార్డు ప్రకటించాడు. మతానికొక పెట్టె, కులానికొక పెట్టె. దళితులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దని గాంధీజీ సెప్టెంబరు 20న జైలులోనే ఆమరణ నిరాహారదీక్ష పట్టారు. తరతరాల అన్యాయానికి రక్షణ కోరిన అంబేద్కరుగారి మాటా కాదనలేనిదే. 24న పూనా ఒప్పందం కుదిరింది: ఉమ్మడి నియోజకవర్గాలలోనే రాష్ట్ర శాసనసభలకు 148 స్థానాలు.

ఆ ఒప్పందం మీద సంతకం చేసినవారిలో ఒక క్రికెట్టు ఆటగాడున్నాడు: పల్వంకర్ బాలూ. 1911లో ఇంగ్లండు వెళ్ళి నూరు వికెట్లకు పైగా పడగొట్టిన బౌలరు. పూనాలో తోటి హిందువులు మైదానంలో అతడు తాకిన బంతిని తాకేవారు; తేనీటి వేళకు మాత్రం అతన్ని బయట నిలబెట్టి వేరే మట్టి ముంతలో పోసేవారు. చర్మకార కులంలో పుట్టినందుకు, ఎంత గెలిపించినా హిందూ జట్టుకు నాయకుణ్ణి చేయలేదు.

ఆటకు వెళ్ళినవారు ఒప్పా, ఆగినవారు ఒప్పా అని మా కళాశాల పిల్లలు వాదించుకుంటూ ఉంటారు. నాకు ఇద్దరిమీదా గౌరవమే. ఒకరు దొర ముందు తలవంచమన్నారు, ఒకరు దొర ముందు నిలిచి ఆడారు. కాని ఆ ఏటి అవమానాలన్నీ దొరల ఖాతాలో వ్రాయడానికి మాత్రం నా కలం సాగదు. ఆ మట్టి ముంత దొరలు తెచ్చినది కాదు. దొరలు 1947లో తమ పద్దు మూసుకొని వెళ్ళిపోయారు. ముంత పద్దు ఎంతవరకు తీరినదో ఎవరి ఊళ్ళో వారు లెక్క చూసుకోవలసిందే.